రొట్టె తగువు

ఒడిశాలోని రాయగడలో ఒకే వీధి పిల్లలు ఆదివారం పొద్దున్న మూడు చర్చిలకు వెళ్ళడం వింతేమీ కాదు. కాథలిక్కుల పిల్ల ఏడెనిమిదేళ్ళకే తెల్ల గౌను వేసుకొని మొదటి సత్ప్రసాదం తీసుకుంటుంది. బాప్టిస్టుల అబ్బాయి తనంతట తాను నమ్మి నీళ్ళలో మునిగేదాకా రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల దగ్గరికి రాడు. లూథరన్ల పిల్ల సంగతే వేరు. నెలల పసికందుగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్ళు పోసి సంఘంలో చేర్చుకుంటారు. రొట్టె, ద్రాక్షారసం మాత్రం పాఠాలు నేర్చి విశ్వాసాన్ని నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ అయ్యేదాకా, అంటే సుమారు పద్నాలుగు పదిహేనేళ్ళ వయసు వచ్చేదాకా ఇవ్వరు. మిగతా ఇద్దరి లెక్క తప్పయినా ఒప్పయినా మొదలుకీ చివరకీ పొంతన ఉంది. లూథరన్ల లెక్కలో ఒక సందు ఉండిపోయింది.

ఆ సందులో ఇద్దరిని నిలబెట్టి మాట్లాడించాను. మామయ్య రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. వాళ్ళది సాలూరు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడిన కుటుంబం. మేనకోడలు కాపురం దామన్‌జోడిలో, అల్యూమినా కర్మాగారం కాలనీలో. అక్కడ సండేస్కూలు నడుపుతుంది. మనుషులు నా కల్పన, వాదనలు మాత్రం కావు.

మామయ్య: కమిటీకి నువ్విచ్చిన కాగితం చదివానమ్మా. దస్తూరీ బాగుంది. విషయమే మింగుడుపడలేదు. బాప్తిస్మమైన పిల్లలందరికీ బల్ల ఇచ్చేయమంటావేటి? మరి కన్ఫర్మేషన్ ఎందుకు, క్లాసులెందుకు, ఆ క్లాసులు చెప్పే నేనెందుకు?

మేనకోడలు: మిమ్మల్ని తీసేయమని రాయలేదు మామయ్యా. కన్ఫర్మేషన్‌నీ తీసేయమనలేదు. బల్లకీ దానికీ ముడి పెట్టొద్దన్నానంతే.

మామయ్య: ముడి ఊరికే పెట్టలేదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం నీకు తెలియంది కాదు. తన్ను తాను పరీక్షించుకోకుండా తిన్నవాడు శిక్ష నెత్తిన తెచ్చుకుంటాడని అక్కడుంది. ఆరేళ్ళ పిల్ల ఏం పరీక్షించుకుంటుంది?

మేనకోడలు: ఆ అధ్యాయాన్ని మీరు ఎప్పుడూ మధ్యలోంచి మొదలెడతారు. కాస్త పైనుంచి చదవండి. కొరింథులో ఏం జరిగింది? కలిసి తినవలసిన భోజనానికి ఉన్నవాళ్ళు ముందే కూర్చుని తిని, తాగి, మత్తులో పడ్డారు. లేనివాళ్ళు ఆకలితో నిలబడ్డారు. పౌలుకి కోపం వచ్చింది దానికి. పక్కవాణ్ణి లెక్కచెయ్యకుండా తిన్న పెద్దమనుషుల్ని పరీక్షించుకోమన్నాడు. ఆ మాటనే తెచ్చి పిల్లల్ని బెంచీల్లో ఉంచేయడానికి వాడుతున్నాం. తిట్టు తిన్నవాళ్ళు బల్ల దగ్గరున్నారు, తిట్టుతో పనిలేనివాళ్ళు బయటున్నారు.

మామయ్య: సందర్భం అదే, ఒప్పుకుంటాను. కానీ సందర్భం దాటి కూడా ఆ మాట నిలుస్తుంది. ప్రతివాడూ పరీక్షించుకోవాలన్నాడు గదా.

మేనకోడలు: నెత్తిన నీళ్ళు పోసిన రోజున ఆ పసిది ఏం పరీక్షించుకుంది?

మామయ్య: అది వేరు. బాప్తిస్మం దేవుడు ఇచ్చేది. బల్ల దగ్గర మనం కూడా ఒక పని చెయ్యాలి, ఆయన్ని జ్ఞాపకం చేసుకోవాలి. తెలియనిదాన్ని ఎలా జ్ఞాపకం చేసుకుంటారు?

మేనకోడలు: అలాగంటే మనం పక్కవీధి బాప్టిస్టులమైపోతాం మామయ్యా. లూథర్ 1529లో రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం, చిన్న కాటికిజం, మీరే నాకు నేర్పారు. నీ కోసం ఇచ్చాను అన్న ప్రభువు మాట నమ్మినవాడే తగినవాడని అందులో చెప్పాడు. పాఠం అప్పజెప్పినవాడే తగినవాడని అనలేదు.

మామయ్య: అదే పుస్తకం ముందుమాట కూడా నేను నేర్పానే! నేర్చుకోనని మొండికేసేవాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వొద్దని అక్కడ రాశాడు.

మేనకోడలు: మొండికేసేవాణ్ణి. నేర్చుకుంటున్నవాణ్ణి కాదు. నేర్చుకోను అన్న పెద్దవాడికీ, ఇంకా నేర్చుకుంటున్న పిల్లకీ ఒకే తలుపు మూస్తారా?

ఈ జవాబు దగ్గర మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హెడ్మాస్టర్లు ఓడిపోయినప్పుడు చేసే పని అదే. వాదన మాత్రం అక్కడితో ఆగలేదు, పాత సంఘం ఏం చేసిందో చూద్దామన్నాడు. నిజానికి ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది, ఎందుకంటే అక్కడ మేనకోడలిదే పైచెయ్యి.

మేనకోడలు: క్రీస్తు శకం 251 ప్రాంతంలో కార్తేజీ బిషప్పు సిప్రియన్ రాసినది చూడండి. అక్కడి సంఘంలో చంటిపిల్లలకు కూడా ద్రాక్షారసపు పాత్ర అందించేవారని దాన్ని బట్టే తెలుస్తుంది. అగస్టీను కూడా పిల్లలకు ఇవ్వాలనే అన్నాడు. తూర్పు సంఘాలు ఇప్పటికీ మానలేదు. మా కాలనీలో మలయాళీ ఆర్థడాక్సు వాళ్ళున్నారు. వాళ్ళ పాపకి బాప్తిస్మమైన రోజునే తైలంతో అభిషేకించారు, ఆ రోజునే ప్రసాదమూ ఇచ్చారు. వాళ్ళ సంఘం మన సంఘం కన్నా ఎన్ని వందల ఏళ్ళ పాతది?

మామయ్య: సిప్రియన్ కథ పూర్తిగా చెప్పు. అందులోని పిల్లకి అంతకుముందు విగ్రహార్పిత రొట్టె పెట్టారు. చర్చిలో పాత్ర అందిస్తే మొహం తిప్పుకుంది. డీకను బలవంతంగా పోశాడు. కక్కేసింది. అడగనివాళ్ళ నోట్లో పోస్తే ఏమవుతుందో ఆ కథే చెబుతోంది!

మేనకోడలు: నేను అడగనివాళ్ళ సంగతి మాట్లాడ్డం లేదు మామయ్యా. చేతులు చాపి అడుగుతున్నవాళ్ళని వెనక్కి పంపుతున్నాం, ఆ సంగతి. పడమటి సంఘాలు పిల్లల చెయ్యి ఎప్పుడు విడిచిపెట్టాయి? పసివాళ్ళు రొట్టె నమల్లేరు, అందుకని ద్రాక్షారసం మాత్రం చుక్క వేసేవారు. పన్నెండో శతాబ్దం నుంచి మామూలు జనానికి పాత్ర ఇవ్వడం క్రమంగా మానేశారు. గురువులకి తప్ప ఎవరికీ పాత్ర లేకపోయింది. పెద్దలకి రొట్టె మిగిలింది, పసివాళ్ళకి ఏమీ మిగల్లేదు. 1215 లాటెరన్ సభ, వివేకం వచ్చిన వయసు నుంచి ఏడాదికి ఒక్కసారైనా పుచ్చుకోవాలని నియమం పెట్టింది. వివేకం వయసు అన్న ఆ గీతను తర్వాత కాథలిక్కులు పైకి జరుపుకుంటూ పోయారు. పదో పయస్ పోపు 1910లో దాన్ని ఏడేళ్ళ దగ్గరికి దింపాడు. ఇక్కడి కాథలిక్కు పిల్లలు ఈ రోజు ఏడెనిమిదేళ్ళకి బల్ల దగ్గరున్నారంటే ఆ 1910 నాటి మాట వల్లే. మనం మాత్రం పాత్రను అందరికీ తిరిగి ఇచ్చాం, పిల్లల్ని మర్చిపోయాం.

పిల్లల్ని దూరం పెట్టింది వేదాంతం కాదు, పాత్ర విషయంలో జరిగిన ఒక మార్పు అన్నది నాకు గట్టి మాటగానే తోచింది. లూథర్‌కి వందేళ్ళ ముందే బొహీమియాలో హుస్సు అనుచరులు పాత్ర అందరికీ కావాలని పోరాడి, పిల్లలకు కూడా రెండూ ఇచ్చారు. ఆ సంగతి మేనకోడలికి గుర్తు రాలేదు, గుర్తొచ్చి ఉంటే మామయ్యకి ఇంకాస్త కష్టమయ్యేది.

మరి మన కొండల్లోకి కన్ఫర్మేషన్ ఎలా వచ్చింది? ఇక్కడ కాస్త నిలబడాలి. జర్మనీ ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టయిన్‌లో బ్రెక్లం అనే చిన్న ఊరు ఉంది. అక్కడ క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషన్ పెట్టాడు. 1882లో పోల్, బోత్‌మన్ అనే ఇద్దరు మిషనరీలు ఇండియాకి వచ్చి జయపురం జమీందారీలో పని మొదలుపెట్టారు. అప్పటికి ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. సాలూరూ, కోరాపుట్టూ ఒకే మిషన్ కిందికి రావడానికీ, లూథరన్ సంఘంలో తెలుగూ ఒడియా పక్కపక్కనే నడవడానికీ కారణం అదే. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, సరిహద్దు గీత సంఘం మధ్యలోంచి పోయింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ జిల్లా నాలుగు ముక్కలై రాయగడ విడిపోయింది. జిల్లాలూ రాష్ట్రాలూ ఇన్ని మారాయి. బ్రెక్లం వాళ్ళు పెట్టెలో సర్ది తెచ్చిన క్రమం మాత్రం మారలేదు: పసితనంలో బాప్తిస్మం, పెద్దయ్యాక పాఠాలు, ఆపైన కన్ఫర్మేషన్, ఆనక బల్ల. వాళ్ళ పొరుగున డెన్మార్కులో 1736లో కన్ఫర్మేషన్‌ని రాజశాసనంగా చేశారు. అది లేనివాడికి అప్పట్లో పెళ్ళి కూడా అయ్యేది కాదు. చర్చిలో జరిగే పెద్దరికపు పరీక్ష అన్నమాట.

మామయ్య: ఆ పెద్దరికపు పరీక్ష మనకి ఏం చేసిందో కూడా చెప్పు. మా నాన్నకి అక్షరం వచ్చింది ఆ క్లాసులోనే. ఊరి చివర ఉంచిన వాడల పిల్లల్ని ఏ బడి రానిచ్చింది అప్పుడు? బల్ల దగ్గరికి రావాలంటే చదవాలి, చదవాలంటే క్లాసుకి రావాలి. అలా చదివారు. రొట్టె ముందే ఇచ్చేస్తే క్లాసుకి ఎవడొస్తాడమ్మా?

మేనకోడలు: అంటే ప్రభువు శరీరాన్ని మనం ఎరగా వేస్తున్నామా?

మామయ్య: ఎర కాదు. గడువు. గడువు లేనిదే ఏ పిల్లాడు చదివాడో చూపించు. నలభై ఏళ్ళు బళ్ళో ఉన్నాను నేను.

మేనకోడలు: ఏం చదువుతున్నారో కూడా మీకు తెలుసు. మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు లిపి రాదు. బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో. ఆంధ్ర క్రైస్తవ కీర్తన పాడాలంటే ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడతారు. కాటికిజం ఒడియాలో బట్టీ పట్టి అప్పజెప్పుతారు. కొండ మీది కువి మాట్లాడే పిల్లకి ఆ ఒడియా కూడా పరాయిదే. మనం పరీక్షిస్తున్నది విశ్వాసాన్నా, భాషనా? నా సండేస్కూల్లో ఒక పిల్ల ఉంది, ఒక్క జవాబు సరిగ్గా చెప్పలేదు. కానీ రొట్టె ఎందుకు విరుస్తారమ్మా అని అడిగితే, అందరికీ సరిపోవాలని అంది. దానికన్నా మంచి జవాబు మీ కన్ఫర్మేషన్ క్లాసులో ఎవరైనా చెప్పారా?

మామయ్య: చక్కని జవాబే. పూర్తి జవాబు కాదు.

మేనకోడలు: పూర్తి జవాబు పాస్టరు గారి దగ్గరుందా?

మామయ్య: అలాగని అందరినీ ఒకే గాటన కట్టకు. పస్కా పండక్కి ఇశ్రాయేలు పిల్లలు ముందు ప్రశ్న అడగాలి, తండ్రి జవాబు చెప్పాలి. ప్రశ్న ముందు.

మేనకోడలు: ప్రశ్న ముందే. కానీ ఆ పిల్లలు ఎక్కడ కూర్చుని అడిగారు? భోజనం దగ్గరే. గొర్రెపిల్ల ఇంటికొకటి, అందులో చంటిపిల్లలకి వేరే లెక్క లేదు. మన ఇళ్ళల్లో కూడా అంతే కదా. పెళ్ళయినా దినమైనా ముందు పిల్లల పంక్తి లేస్తుంది. పెద్దలు తిన్నాక చూద్దాంలే అని పిల్లల్ని నిలబెట్టిన ఇల్లు నేనెక్కడా చూడలేదు, ఒక్క మన చర్చిలో తప్ప.

మామయ్య: ఆ పంక్తిలో పెట్టేది అన్నం. ఇక్కడ పెట్టేది అన్నం కాదు. అదే నీకు ఇందాకటి నుంచి చెబుతున్నది. పాస్టరు గారు వాళ్ళ నెత్తిన చెయ్యి పెట్టి దీవిస్తారు. అది చాలదా?

మేనకోడలు: చాలుతుందేమో. అయితే పెద్దలకి కూడా దీవెనే చాలించండి.

ఇంతవరకూ మాటకి మాట. తర్వాత మేనకోడలు ఒక పాత సంగతి బయటికి తీసింది. దాంతో సంభాషణ గొంతు మారింది.

మేనకోడలు: గుణుపురంలో మన చుట్టాలబ్బాయి ఉన్నాడు. ఇరవై దాటాయి, మాటలు నాలుగో ఐదో వచ్చు. వాడికి బల్ల ఇవ్వాలా వద్దా అని కమిటీలో తర్జనభర్జన పడినప్పుడు ఇవ్వాలని పట్టుబట్టింది ఎవరు మామయ్యా? మీరే. వాడు ఏ పాఠం అప్పజెప్పాడు?

మామయ్య: వాడు చెయ్యి చాపాడమ్మా. అమ్మ పక్కన మోకరించి, అందరిలాగే చెయ్యి చాపాడు. తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకేం అడగమంటావు వాణ్ణి?

మేనకోడలు: నేనడిగేదీ అదే.

మామయ్య: అది మినహాయింపు. మినహాయింపు చూపించి నియమాన్ని కూల్చకూడదు.

మేనకోడలు: తెలివి కొలిచి ఇచ్చేది కాదని మీరే తేల్చారు. వాడికి ఎప్పటికీ రాని తెలివి అడ్డు కాలేదు. పిల్లలకి ఇంకా రాని తెలివి ఎలా అడ్డమవుతుంది?

మామయ్య జవాబు చెప్పలేదు. నాకు తెలిసి ఈ ప్రశ్నకి జవాబు లేదు. మామయ్య ఇప్పుడు దారి మార్చి, తన వాదనలన్నిటిలోకీ బలమైనదాన్ని పట్టుకున్నాడు.

మామయ్య: మనం ఎక్కడున్నామో చూడు. 1967లో ఈ రాష్ట్రం మతస్వేచ్ఛ చట్టం చేసింది. బలవంతంగానో ఆశ చూపించో మతం మార్పిస్తే ఏడాది దాకా జైలు అన్నారు. మైనరైతే, ఆడవాళ్ళయితే, ఎస్సీ ఎస్టీలయితే రెండేళ్ళ దాకా అన్నారు. మనింటి పిల్లలకి అది తగలదు, తెలుసు. కానీ కొండల్లో ఈ తరంలోనే క్రైస్తవంలోకి వచ్చిన ఇళ్ళున్నాయి. అలాంటి ఇంటి పిల్లాడు పదిహేనేళ్ళకి పదిమందిలో లేచి, నేను నమ్ముతున్నాను, నన్నెవరూ బలవంతపెట్టలేదు అని తన నోటితో చెబుతాడు చూడు, దానికి ఈ జిల్లాల్లో ఒక విలువుంది. అది వాడి రక్ష. రొట్టె అయిదేళ్ళకే నోట్లో పెట్టేస్తే ఆ నోటి మాటకి ఏం బరువుంటుంది?

మేనకోడలు: ఆ మాట నాకూ కావాలి మామయ్యా. అందుకే కన్ఫర్మేషన్ ఉంచమన్నాను. ఇంకో రెండేళ్ళు పైకి జరిపి పదిహేడుకి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. రొట్టె కోసం చెప్పే మాట కన్నా, రొట్టె ఎప్పుడో అంది ఉండగా చెప్పే మాటకే బరువెక్కువ. పైగా, మనకీ పద్ధతి నేర్పినవాళ్ళ గడ్డ మీదే మళ్ళీ ఆలోచన మొదలైంది. 1980లో ప్రపంచ సంఘాల సమితి తరఫున బాట్ సేగెబెర్గ్‌లో ఒక సమావేశం జరిగింది, పిల్లల్ని ఆటంకపరచొద్దని తేల్చారు. బాట్ సేగెబెర్గ్ ఎక్కడుందనుకున్నారు? ష్లెస్విగ్-హోల్‌స్టయిన్‌లోనే. 1982లో అదే సమితి నుంచి లిమా పత్రం వచ్చింది. బాప్తిస్మమిచ్చి బల్ల ఇవ్వని సంఘాలు తమ బాప్తిస్మానికి అర్థమేమిటో ఆలోచించుకోవాలని అడిగింది. పోల్, బోత్‌మన్ వచ్చి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు.

మామయ్య: అదిగో, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది! 1882లో వాళ్ళొచ్చి కట్టమంటే కట్టాం. 1980లో వాళ్ళే విప్పమంటే విప్పాలా? మనకంటూ సంఘం ఎందుకమ్మా? వాళ్ళు పెట్టమంటే పెట్టి, తియ్యమంటే తియ్యడానికా?

మేనకోడలు: అందుకే జర్మనీకి రాయలేదు మామయ్యా. మీ కమిటీకి రాశాను.

మామయ్య: ఏడేళ్ళని ఒక గీత పెట్టి రాయవలసింది. కాథలిక్కులున్నారు కదా. ఏడేళ్ళయితే నేను కాస్త ఆలోచిద్దును.

మేనకోడలు: గీత పెడితే మళ్ళీ పరీక్ష మొదలవుతుంది. ఏడేళ్ళ పరీక్ష. రాయను.

వీళ్ళిద్దరూ ఇక్కడ ఏకీభవించలేదు, నేను ఏకీభవింపజేయలేదు. జర్మనీ గురించి మామయ్య అన్నది నాకు నచ్చింది. సొంత సంఘం పరాయి తీర్మానాన్ని తలకెత్తుకోవడం వల్ల ఎవరికీ గౌరవం రాదు. మతస్వేచ్ఛ చట్టం మాట కూడా కొట్టిపారేయదగింది కాదు. కానీ ఆయన చెప్పినవన్నీ కన్ఫర్మేషన్‌ని నిలబెట్టడానికి కారణాలు. పిల్లలకి రొట్టె ఆపడానికి వాటిలో ఒక్కటీ కారణం కాదు. క్లాసుకి పిల్లలు రారన్న భయం క్లాసు చెప్పేవాళ్ళ సమస్య, దాని ఖర్చు పిల్లల చేత కట్టించడం న్యాయం కాదు.

నా తీర్పు ఇది. నమ్మినవాళ్ళకే నీళ్ళు అనే బాప్టిస్టులు పిల్లలకి బల్ల ఇవ్వకపోతే వాళ్ళని తప్పుపట్టలేం. పసికందుకి అర్థం అడగకుండా బాప్తిస్మమిచ్చే సంఘానికి, అదే పిల్ల చెయ్యి చాపినప్పుడు అర్థం అడిగే హక్కు లేదు. వయసు గీత అక్కర్లేదు. అమ్మానాన్నల పక్కన మోకరించి అడిగిన పిల్లకి ఇవ్వాలి, నాలుగు మాటల్లో చెప్పి ఇవ్వాలి. మద్యం గురించి బెంగ ఉన్నవాళ్ళు ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం వాడొచ్చు, మన సంఘాల్లో అది కొత్తేమీ కాదు. కన్ఫర్మేషన్ యథాస్థానంలో ఉండాలి, పాఠాలు పిల్లలకి వచ్చిన భాషలో చెప్పాలి.

రాయగడ, గుణుపురం, కోరాపుట్, సాలూరు సంఘాల పెద్దలకి ఒక మనవి. ఇలాంటి కాగితం మీ కమిటీకి వస్తే బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. చర్చకి పెట్టి, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కారణం రాసి జయపురంలోని మన చర్చి కేంద్రానికి పంపండి. దీని మీద తీర్మానం చెయ్యాల్సింది అక్కడే.